చెప్పుకొనని నొప్పి



నేను వైద్యుడను కాను. ఫైలు నాలుగు దినములు నిలిచినచో సంజాయిషీ అడుగువాడను. ఇంట ఇల్లాలి నొప్పి నెలల తరబడి నిలిచినను మనము అడుగము.

పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, క్రమము తప్పిన బహిష్టు — ఇవి 'ఆడవారికి మామూలే' అని త్రోసివేయరాదు. క్రిములు పైకి ప్రాకి గర్భాశయమును, అండవాహికలను వాపజేయుటచే ఇట్లు కలుగవచ్చును. మన దేశమున క్షయయు ఒక కారణము.

దీనిని నిర్ణయించుటకు ఏ ఒక్క పరీక్షయు చాలదు. లేడీ డాక్టరు స్వయముగా పరీక్షించి, గర్భము లేదని నిశ్చయించుకొని, స్రావమును పరీక్షకు పంపుదురు. అవసరమైనచో అల్ట్రాసౌండు, లాపరోస్కోపీ చేయింతురు.

సాధారణముగా 14 దినములు యాంటీబయాటిక్ మందులు వాడవలెను. నొప్పి తగ్గెనని నడుమ మానరాదు. క్షయ అయినచో చికిత్స కనీసము 6 నెలలు. సంయోగమువలన సోకినదైనచో భర్తయు మందు పుచ్చుకొనవలెను. లేనిచో జబ్బు మరల వచ్చును.

ఆలస్యము ప్రమాదము. లోపల కట్టిన మచ్చలను మందులు మాన్పలేవు. 1992లో ప్రచురితమైన స్వీడను పరిశీలనలో, సంతానము కోరినవారిలో ఒకమారు ఈ వ్యాధి వచ్చిన నూటికి 8 మంది, మూడుమార్లు లేక అంతకు మించి వచ్చిన నూటికి 40 మంది అండవాహికలు చెడి గొడ్రాండ్రైరి.

మనకు 1954లో ఢిల్లీలో ఆరంభమైన ప్రభుత్వ ఆరోగ్య పథకము కలదు. కార్డు జేబులోనే ఉన్నది. కావలసినది ఇంటిలో ఒక్క మాట: 'నొప్పిగా ఉన్నదా? రేపు కలిసి పోవుదము.'