రేవు దాటకముందే బి.పి. చూడాలి

(అమలాపురంలో మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజోలు వైపు ఊళ్లలో ఇరవయ్యేళ్లు ఏఎన్ఎంగా పనిచేశాను. నా తప్పు ఒకటి చెప్పుకుని మొదలుపెడతాను. ఒక లంక ఊరికి తొలిచూలు పిల్ల పుట్టింటికి వచ్చింది. పరీక్షల కార్డు అత్తారింట్లోనే ఉండిపోయింది. ముఖం ఉబ్బింది, తలనొప్పి తగ్గడం లేదంది. "కడుపుతో ఉంటే నీరు పట్టడం మామూలేగా" అంది తల్లి. నేనూ తలూపాను. బి.పి. మిషను నా సంచీలోనే ఉంది, తీయలేదు. మూడోనాడు ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని మంత్రం వేయించారు. పడవ దాటించేసరికే ప్రాణం పోయింది.

పెద్దవాళ్లు దీన్ని గుర్రపువాతం అనేవారు. ఇది గాలీ కాదు, ధూళీ కాదు. గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు పెరిగి వచ్చే జబ్బు. 140/90కి చేరితే డాక్టరుకి చూపించాలి. 160/110కి చేరితే ప్రాణాపాయం, గంటలోపే మందు పడాలి. విడవని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి, ఆయాసం, ముఖం వాపు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే బి.పి. చూడాలి. ఏ బాధా లేకుండా కూడా బి.పి. పెరగొచ్చు. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు. ఉప్పు మానేస్తే ఇది ఆగదు.

ఫిట్స్ వస్తే ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్. ముప్పైకి పైగా దేశాల్లో జరిగిన 'మాగ్‌పై' పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఈ మందు ఫిట్స్ ముప్పుని సగానికి పైగా తగ్గించిందని తేలింది. పెద్దాసుపత్రికి పంపేముందే మొదటి మోతాదు, ఒక్కో పిరుదుకి 5 గ్రాముల చొప్పున, ఇవ్వొచ్చు. వంతెనలు ఎన్ని వచ్చినా వరదల్లో లంకలవాళ్లకి ఇప్పటికీ పడవే దిక్కు. అందుకే మందు ఏరు దాటాక కాదు, దాటకముందే అందాలి.

మనం అడగాల్సినవి మూడు. వెళ్లిన ప్రతిసారీ బి.పి., మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి, ఆ అంకె కార్డు మీద రాయాలి. చీరా సారెతో పాటు ఆ కార్డు కూడా పుట్టింటికి రావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ ఇంజక్షన్, ఇవ్వగల మనిషి ఉండాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజు ఒక్కరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి.

"బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి. ఎంత ఉందో చెప్పమనండి. ఆ అంకె తెలుసుకోవడం ఆమె హక్కు. ఆ పిల్ల అడగలేదు, నేను చూడలేదు.