ఇనుము దొంగ... పసిపిల్లలకు మందైన కథ

ఇనుము తక్కువైతే రక్తహీనత వస్తుందని మనందరికీ తెలుసు. మరి ఎక్కువైతే? ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో రక్తం సంచితో దాదాపు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది. కానీ మన ఒంట్లోంచి రోజుకు బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే! మిగిలినదంతా గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుపోతుంది. అంటే బతికించే రక్తమే మెల్లమెల్లగా గుండెను దెబ్బతీస్తుందన్నమాట.

దీనికి మందు ఎక్కడ దొరికిందో తెలుసా? మట్టిలో!

మట్టిలో ఇనుముకు కొదవలేదు. అయితే అది తుప్పు రూపంలో ఉంటుంది, నీళ్ళలో కరగదు. అందుకని సూక్ష్మజీవులు ఒక చిన్న పదార్థాన్ని తయారుచేసి బయటికి వదులుతాయి. అది ఇనుమును ఒడిసిపట్టి వాటికి తెచ్చిపెడుతుంది. దీన్ని సిడరోఫోర్ అంటారు. గ్రీకు భాషలో ఇనుమును మోసేది అని అర్థం.

1960 ప్రాంతంలో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు స్ట్రెప్టోమైసిస్ పైలోసస్ అనే సూక్ష్మజీవిని పరిశీలించారు. వాళ్ళ పని యాంటీబయాటిక్స్ మీద. చేతికొచ్చింది మాత్రం ఇనుమును గట్టిగా పట్టుకునే పదార్థం. అందులోంచి ఇనుము తీసేస్తే వచ్చిందే డెస్ఫెరియాక్సమిన్. ఖాళీ చేతులతో ఒంట్లోకి వెళ్ళి, ఇనుమును పట్టుకుని, మూత్రంలోనూ మలంలోనూ బయటికొచ్చేస్తుంది. అందుకే మూత్రం ఎర్రగా కనిపిస్తుంది, కంగారుపడకండి.

ఇబ్బంది ఏమిటంటే, మాత్రగా మింగితే ఇది సరిగా ఒంటబట్టదు. చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపుతో 8 నుంచి 12 గంటలు ఎక్కించాలి. వారంలో ఐదారు రాత్రులు! అది ఆ పిల్లలకూ, ఆ తల్లులకూ ఎంత కష్టమో ఆలోచించండి. తర్వాత డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ అనే నోటిమందులు వచ్చాయి కాబట్టి చాలామందికి ఆ బాధ తగ్గింది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. డెస్ఫెరియాక్సమిన్ పట్టుకున్న ఇనుమును యెర్సీనియా అనే బాక్టీరియా, మ్యూకర్ జాతి బూజులు కూడా వాడుకోగలవు. అంటే మన మందే వాటికి మేత! కాబట్టి ఈ మందు వాడుతున్న బిడ్డకు జ్వరం వచ్చినా, దానితో కడుపునొప్పి, విరేచనాలు ఉన్నా, మందు ఆపి వెంటనే డాక్టరుగారిని కలవండి. "మామూలు జ్వరమేలే" అని ఊరుకోవద్దు.

ఆ ఇనుము ఆశనే ఎరగా వేసి చేసిన మందు కూడా ఉంది. పేరు సెఫిడెరోకాల్, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది ఒక యాంటీబయాటిక్, దానికి సిడరోఫోర్ లాంటి కొక్కెం తగిలించారు. బాక్టీరియా ఇనుము వస్తోందనుకుని తలుపు తీస్తుంది, వెనకే మందు లోపలికి దూరుతుంది. వేరే మందులకు లొంగని కొన్ని ఇన్ఫెక్షన్లకు ఆసుపత్రిలోనే ఇస్తారు.

మీకు తెలిసినవాళ్ళలో తలసీమియా బిడ్డ ఉంటే, ఆ జ్వరం సంగతి తప్పకుండా చెప్పండి.