సర్వర్ల శుభ్రతలో మన అర్జీ చెరిగిపోరాదు
(క్యాసంబళ్ళిలో చేసిన ప్రసంగ పాఠం)



తన బాధ నివారణకై దేశంలోగాని, రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం చేసుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. నేడు విన్నపాలు కంప్యూటర్ల ద్వారా కూడా చేరుతున్నాయి. కనుక సర్వర్ల నిర్వహణ కూడా భాషాహక్కుల విషయమే.

పెద్ద వ్యవస్థలలో ఒకే అప్లికేషనును అనేక సర్వర్లు కలిసి నడుపుతాయి. కొత్త రూపాన్ని అమర్చేటప్పుడు ప్రతిదానిలోనూ పాత దస్త్రాలను తొలగించాలి. ఒక్కటి మరచినా ప్రమాదమే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త ప్రోగ్రాము చేర్చింది. 2003లోనే వాడుక మానిన పాత ప్రోగ్రాము ఎనిమిదవదానిలో మేల్కొన్నది. సుమారు 45 నిమిషాలలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లింది.

అందుకే ఈ పనిని చేతితో కాక, స్క్రిప్టుతో చేయించాలి. ఒక్కొక్క సర్వరునే వరుస నుండి తప్పించాలి. చేతిలో ఉన్న పనులు ముగిసేదాకా ఆగి, దానిని నిలిపి, తాత్కాలిక దస్త్రాలను తుడిచి, కొత్త రూపం పెట్టి, పరీక్షించి, తిరిగి చేర్చాలి. ఏ మెట్టు తప్పినా స్క్రిప్టు అక్కడే ఆగాలి. తరువాతి సర్వరును ముట్టరాదు. తొలగించవలసిన ఫోల్డరు పేరు ఖాళీగా ఉంటే ఆదేశం మొత్తం డిస్కుమీదనే పడవచ్చు. కనుక ముందుగా పేరును సరిచూడాలి.

చెత్తకూ సాక్ష్యానికీ తేడా తెలియాలి. ప్రజల అర్జీలను అప్లికేషను ఫోల్డరుకు వెలుపల భద్రపరచాలి. లాగులను వేరొక చోటికి నకలు తీసిన తరువాతనే తుడవాలి. చట్టం నిలువ ఉంచమన్న రికార్డు ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నప్పుడు, అది తరువాత చూచుటకు అందుబాటులో ఉండవలెనని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 7వ సెక్షను షరతు పెట్టింది.

మరొక మాట. నాలుగు సర్వర్లలో ఒకదానికి యూటీఎఫ్-8 అమరిక తప్పిందనుకోండి. దాని గుండా వెళ్ళిన తెలుగు అర్జీ ప్రశ్నార్థకాల వరుసగా మారవచ్చు. అట్లే నిలువైతే ఆ అక్షరాలు తిరిగి రావు. అర్జీదారునికి రసీదు ఉంటుంది, అర్జీ ఉండదు.

ఈ పనులు చేసే యువకులకు నా విన్నపం ఇదే. ప్రతి సర్వరునూ తిరిగి చేర్చే ముందు 'క్యాసంబళ్ళి' అని వ్రాయించి, చదివించి చూడండి. ఆ పేరు చెక్కుచెదరకుండా తిరిగి వస్తేనే వరుసలో నిలపండి.

సెలవు.