శ్రీశైలానికి అడవిదారిన
(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మాది వెలుగోడు. వాకిట్లో నిలబడి తూర్పుకు చూస్తే నల్లమల కొండలు కనిపిస్తాయి. శ్రీశైలం ఆ కొండల నడుమనే ఉంది. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి, పద్ధెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి ఒకే చోట ఉన్న క్షేత్రం. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసి పోతుంటారు. మాకేమో పొరుగిల్లు లాంటిది. పొరుగింటికి పోవడానికే మనకు తీరిక దొరకదు కదా!

పెళ్ళయిన ఇరవై అయిదేండ్లలో నేను నాలుగైదుసార్లు పోయాను. అంతా బస్సులోనే. ఆత్మకూరు, అక్కడినుంచి అడవిలో పడి దోర్నాల, ఆపైన ఘాటురోడ్డు. సాక్షి గణపతికి ఒక దండం పెట్టుకొని, దర్శనం చేసుకొని, మర్నాటికి ఇల్లు చేరేవాళ్ళం. "బస్సులో కూచోని పోతే అది యాత్ర యాడైతుందే?" అనేది మా అత్త.

ఆమెకొక మొక్కుండేది. మా పిల్లవాడు చిన్నప్పుడు జ్వరంతో మంచం పట్టినప్పుడు, "మల్లయ్యా, వీడు లేచి తిరిగితే నీ కొండకు నడిచి వస్తా" అని పసుపుగుడ్డలో రూపాయి కట్టింది. వాడు లేచాడు, కాలేజీకి కూడా పోయాడు. ఈలోగా ఆమె మోకాళ్ళు పట్టుకుపోయాయి. ముడుపు మాత్రం దేవుని గూట్లో అట్లాగే ఉండిపోయింది. ఒకరోజు దీపం పెడుతూ, "ఇది తీరకుండానే పోతానేమో" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది. నేను నడుస్తానత్తా అన్నాను. "నీ కాళ్ళతో నా మొక్కు తీరుతుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా ఉగాదికి ముందు బయల్దేరాను.

ఈ దారి ఈనాటిది కాదు. ఆత్మకూరు పక్కన వెంకటాపురం దాటితే అడవి మొదలు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఇదీ వరస. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఆత్మకూరు మీదుగా ఈ దారినే శ్రీశైలం పోయారు. అప్పట్లో యాత్రికులు కందనూరు నవాబుకు పన్ను కట్టవలసి ఉండేది. అంతకు చాలా ముందు, పద్నాలుగో శతాబ్దంలో, ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. 1677లో శివాజీ కూడా శ్రీశైలం వచ్చాడు. బస్సులో పోయినన్నాళ్ళూ ఇవన్నీ నాకు పుస్తకంలో మాటలే. మెట్ల మీద కాలు పెట్టి ఎక్కితేనే తెలిసింది.

ఉగాదికి కన్నడదేశం నుంచి వేలమంది నడిచి వస్తారు. భ్రమరాంబను వాళ్ళు తమ ఇంటి ఆడబిడ్డగా తలుస్తారు. అందుకే చీర, పసుపు కుంకుమ, గాజులు మూటగట్టుకొని పుట్టింటి సారెలాగా తెస్తారు. పెద్దచెరువు దాటాక నా నీళ్ళు అయిపోయాయి. ఎండ మండుతోంది, నాలుక పిడచగట్టింది. చెట్టు కింద కూలబడితే ఒక కన్నడ ఆమె పక్కన కూచుంది. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నాది రాదు. "నీరు" అనే మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే. తన సీసాలో సగం నాకు పోసింది. ఆమె దగ్గర మిగిలింది ఆ సగమే.

పోదలచిన వాళ్ళకు నాలుగు మాటలు. ఇది పులులుండే అడవి. శివరాత్రికీ ఉగాదికీ మాత్రమే నడిచేవాళ్ళను వదులుతారు, ముందే కనుక్కోండి. గుంపుతో పొండి, ఒంటరిగా వద్దు. కొత్త చెప్పులు వేసుకోకండి. పొద్దు ఎక్కకముందే నడవండి. నీళ్ళు మీరనుకున్నదానికి రెండింతలు పట్టుకోండి. తాగేసిన సీసాలు అడవిలో పారేయకండి. అది చెంచుల ఇల్లు, మూగజీవాల ఇల్లు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. దారిలో అన్నం పెట్టే పుణ్యాత్ములు ఎందరో ఉన్నారు. కానీ ఆడవాళ్ళకు నేను నడిచిన దారిలో మరుగు కనబడలేదు. అందుకని నీళ్ళు తాగడమే మానుకొని ఎండలో నడిచే ఆడపిల్లలను చూశాను. నా నీళ్ళు తక్కువ పడ్డానికీ కారణం అదే, తాగితే ఇబ్బందని కొంచెమే తెచ్చుకున్నాను. మజిలీ మజిలీకి నాలుగు తడికెలు కట్టించి, చీకటిపడితే ఒక దీపం పెట్టిస్తే, అన్నదానానికి తక్కువ పుణ్యమా చెప్పండి?

భీముని కొలను లోయ దిగి మళ్ళీ ఎక్కేసరికి నా మోకాళ్ళు మా అత్త మోకాళ్ళయ్యాయి. కైలాసద్వారం దాటి హాటకేశ్వరం చేరేసరికి, మా ఆయన ఆమెను బస్సులో తెచ్చి అక్కడ కూచోబెట్టి ఉన్నాడు. ఆమె ముందు నా ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది. పుండ్లు పడిన పాదాలు చేత్తో తడిమింది. ముడుపు చేతికిచ్చాను. నా భుజం పట్టుకొని లేచి, గుడి వైపు ఇరవై అడుగులు నడిచింది. ఆగి ఊపిరి తీసుకొని, "ఇంక చాల్లే, బస్సెక్కుదాం. స్వామికి లెక్క తెలుసు" అంది.

ఆ రూపాయి హుండీలో పడినప్పుడు చప్పుడైనా వినబడలేదు. ఇంటికొచ్చాక మాత్రం దేవుని గూడు ఖాళీగా కనిపించింది. మా అత్త అక్కడ ఒక పువ్వు పెట్టింది.

సెలవు.