హోల్డెన్ ఎఱ్ఱ టోపీ



నవలయందు కానవచ్చు వస్తువులు రెండు తెగలు. కొన్ని కథ నడచుటకై వచ్చి, పని తీరినంతనే మరుగగును. మఱికొన్ని పాత్ర నోట వెలువడని మాటను తాము పలుకును. అమెరికా రచయిత జె. డి. శాలింజర్ 1951లో ప్రకటించిన ‘ది క్యాచర్ ఇన్ ది రై’ నవలలోని ఎఱ్ఱ టోపీ ఈ రెండవ తెగకు చెందినది.

కథానాయకుడు హోల్డెన్ కాల్‌ఫీల్డ్ 16 ఏండ్ల బాలుడు. చదువులో తప్పినందున పెన్సిల్వేనియాలోని ఒక వసతి పాఠశాలనుండి తొలగింపబడెను. తలిదండ్రుల ముఖము చూచుటకు వెఱచి, క్రిస్మస్ పండుగకు ముందు కొలది దినములు న్యూయార్కు నగరమున ఒంటరిగా తిరుగాడెను. ఆ వృత్తాంతమే కథ.

టోపీని అతడు కొన్న సమయమును గమనింపవలెను. పాఠశాల కత్తిసాము జట్టునకు నిర్వాహకుడుగా న్యూయార్కు పోయి, ఆటకు వలయు కత్తులను, సామగ్రిని భూగర్భ రైలులో మఱచిపోయెను. పోటీ జరుగలేదు. తిరుగు ప్రయాణమున జట్టువారందఱు అతనిని వెలివేసినట్లు చూచిరి. సామగ్రి పోయినదని తెలిసిన వెనువెంటనే, ఒక్క డాలరు వెలకు అతడు ఈ టోపీని కొనెను. అవమానము కలిగిన గడియలోనే తల కప్పుకొనుటకు ఒక వస్తువు దొరకినదన్నమాట.

అది వేటగాండ్ర టోపీ. ముందువైపు మిక్కిలి పొడవైన అంచును, చెవులను కప్పుటకు మడతలును గలది. పొరుగు గది విద్యార్థి అది లేళ్లను వేటాడువారి టోపీయని ఎగతాళి చేయగా, తాను దానిని ధరించి మనుష్యులనే వేటాడుదునని హోల్డెన్ బదులు పలికెను. మాట బింకము, మనస్సు బెదురు. అంచును వెనుకకు త్రిప్పి ధరించుట అతని అలవాటు. అయినను నగరములో హోటలునకు చేరినపుడు, తన్ను పిచ్చివానిగా తలంతురని లోనికి పోవుటకు ముందే దానిని తీసివేసెను. లోకమును లక్ష్యపెట్టనని చాటు టోపీయే లోకము చూచునేమోయని జేబులో దాగినది!

ఇక రంగు మాట. అడవిలో వేటగాండ్రు ఎఱ్ఱని దుస్తులు ధరించుట, తోడి వేటగాండ్ర కంటబడి వారి తుపాకి గుండునుండి తప్పించుకొనుటకు. అనగా ఆ రంగు దాగుటకు గాక, కనబడుటకు ఉద్దేశింపబడినది. హోల్డెన్‌కు దాగవలెనని కోరిక. ఎవరైన తన్ను గుర్తింపవలెనని అంతకు మించిన కోరిక.

ఆ ఎఱుపునకు మఱియొక మూలము కలదు. హోల్డెన్ తమ్ముడు ఆలీ 1946 జూలైలో రక్తక్యాన్సరుతో మరణించెను. అన్నకు అప్పుడు 13 ఏండ్లు, తమ్మునికి 11. ఆ రాత్రి హోల్డెన్ మోటారు కొట్టము కిటికీ అద్దములను పిడికిటితో పగులగొట్టెను. నాటినుండి ఆ చేతి పిడికిలి సరిగా బిగియదు. ఆలీ జుట్టు ఎఱ్ఱనిది, దూరమునుండియు గుర్తుపట్టదగినది. ఆ బాలుడు తన బంతియాట తోలుతొడుగుపై ఆకుపచ్చ సిరాతో పద్యములు వ్రాసికొని, ఆటలో తీరిక దొరకినపుడు చదువుకొనెడివాడు. ఆ తొడుగునుగూర్చి వ్యాసము వ్రాయ కూర్చున్నపుడు హోల్డెన్ ధరించినది ఈ టోపీనే. చెల్లెలు ఫీబీ జుట్టును ఎఱుపే. రచయిత ఈ పోలికను ఎచ్చటను విప్పి చెప్పడు; పాఠకునకే విడిచినాడు.

పిల్లలు ఆడుకొను రై చేనిప్రక్కన కొండచఱియ యున్నదనియు, దానినుండి జారిపడు పిల్లలను పట్టుకొనువాడు తానేయనియు హోల్డెన్ ఊహ. నవల పేరు దానినుండియే వచ్చినది. ఆ ఊహను చెల్లెలికి చెప్పిన రాత్రియే, ఆమె వలదన్నను టోపీని ఆమెకిచ్చెను. తనకు కాపుదల యనుకొన్నదానిని పదేండ్ల బాలికకు ఒసగుటతో అతని బాల్యము మొదటి మెట్టు దాటినది.

మఱునాడు అన్నతో తానును వెళ్లిపోదునని ఫీబీ ఆ టోపీ ధరించి, పెట్టెతో వచ్చెను. అతడు కాదనగా, కోపముతో టోపీని అతని మీదకు విసరెను. తరువాత ఉద్యానవనమున రంగులరాట్నము తిరుగుచుండగా, గుఱ్ఱముపైనున్న ఫీబీ బంగారు ఉంగరమును అందుకొన చేయి చాచినది. పడునేమోయని భయము కలిగినను హోల్డెన్ అడ్డు చెప్పలేదు. పిల్లలు పడినను పడనీయవలెనని తెలిసికొనెను. అనంతరము ఆమె అతని జేబునుండి టోపీ తీసి, స్వయముగా అన్న తలపై పెట్టెను. వాన కురిసినది, అతడు తడిసి ముద్దయ్యెను, అయినను ఆనందముతో కన్నీరు పెట్టనంత పనియయ్యెను.

డాలరిచ్చి కొన్నది అవమానమును కప్పుటకు; చెల్లెలి చేత తిరిగి వచ్చినది ప్రేమ. వానను పూర్తిగా ఆపజాలకపోయినను, ఒంటరితనమును ఆపినది.

ఈ గ్రంథము అమెరికాలో కొన్ని పాఠశాలలందు నిషేధింపబడినది. బాలుని దురుసు మాటలు వినినవారు అతని తలపైని టోపీని చూడలేదు కాబోలు. ప్రతి యూరను వింత వేషము ధరించు యువకులుందురు. పెద్దలు నవ్వుదురు, లేదా కసరుదురు. ఆ వేషము క్రింద ఏ దుఃఖము దాగియున్నదోయని ఒక్కసారి యోచించుట నేర్పిననాడు, గ్రంథాలయమునందలి నవల తన పని తాను చేసినట్లే.

స్వస్తి.