మంచు కొండమీద లైన్ క్లియర్

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు ఈ హుబ్బళ్ళి ఎండలో మంచు ముచ్చటేమిటని కొందరు నవ్వుకోవచ్చు. మన సంఘంలోని కుర్రవాళ్ళు ఎనిమిదిమంది వచ్చే జనవరిలో హిమాలయాలకు నడకయాత్ర తలపెట్టారు. వారిలో మా తమ్ముడొకడు. అందుకే కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నారు. నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను, కొండలెక్కే వీరుణ్ణి కాను. ఒకసారి కళ్ళారా చూసిందీ, తరువాత భయంకొద్దీ చదివి తెలుసుకున్నదీ మీ ముందు పెడతాను.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున, సోనం అనే కావలి చోట పదిమంది సైనికులు మంచుకింద పడిపోయారు. మన ధార్వాడ జిల్లా బేటదూరువాడైన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద ఆరు రోజుల తరువాత ప్రాణాలతో దొరికారు. 11వ తేదీన ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. తక్కిన తొమ్మండుగురిలో కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. వారు కాపలా విడిచి కదలడానికి వీలులేనివారు. విహారానికి పోయే మనకు వెనక్కి తిరిగే వీలుంది. అది ఎప్పుడు వాడుకోవాలన్నదే ఇవాళ్టి మాట.

కొన్నేళ్ళ క్రితం ఫిబ్రవరిలో మేము నలుగురం పాస్ మీద జమ్మూదాకా పోయి, అక్కడినుంచి గుల్మార్గ్ చేరాము. రెండు రోజులు ఎడతెగక మంచు కురిసి, మూడోనాడు తెల్లగా ఎండ కాసింది. ఎదుట నున్నటి వాలు, పైన నీలాకాశం. ఇంకేం, ఎక్కుదామన్నాము. వెంట వచ్చిన ఆ ఊరి మనిషి కదలలేదు. చిన్న పారతో మంచులో నిలువుగా గొయ్యి తవ్వాడు. ఆ గోడలో చారలు చారలుగా పొరలు కనిపించాయి. పైన గట్టి పలక, దానికింద వేళ్ళతో తీస్తే జలజల రాలిపోయే పంచదార పలుకుల్లాంటి మంచు. జానెడు వెడల్పున ఒక దిమ్మె కోసి, దానిపై పార ఆనించి, మణికట్టు ఆడిస్తూ పది దెబ్బలు, తరువాత మోచేతినుంచి కొట్టాడు. మోచేతి దెబ్బ నాలుగోదానికే పై పలక పుస్తకం అట్టలాగ జారి కింద పడింది. “అటు వద్దు” అన్నాడు. సెలవు అయిపోతున్నదని మేము వాదించాము. అతడు వినలేదు. మూతులు ముడుచుకొని చెట్లమధ్య దారిన తిరిగి వచ్చాము.

ఆ వాలు ఆ రోజు జారలేదు. అతడు ఉత్త పిరికివాడని మా మిత్రుడొకడు ఇప్పటికీ అంటాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. పగులు పట్టిన పట్టామీదుగా ఒక బండి సురక్షితంగా దాటినంతమాత్రాన పట్టా మంచిదని మనం రాసుకుంటామా? మంచుకూడా అంతే. నిన్న పదిమందిని మోసిన వాలు ఇవాళ పదకొండోవాణ్ణి మింగవచ్చు. చరియలకింద చిక్కుకొనే యాత్రికుల విషయంలో చాలాసార్లు ఆ చరియను కదిలించింది వారి అడుగో, వారి జట్టులోవారి అడుగో అయి ఉంటుంది.

వాలు సంగతి. క్యాసిల్ రాక్ నుంచి దూద్‌సాగర్ మీదుగా దిగే మన ఘాట్ లైను 37కి 1 వాలు. దానికే బండికి వెనక ఇంజన్లు కట్టి ఎన్ని జాగ్రత్తలు పడతామో మీకు తెలుసు. మంచు పలకలు జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలున, అనగా ఏడడుగులకు నాలుగడుగులు లేచే చోటునుంచి. ఫోనులో కొలుచుకోవచ్చు. మీరు నిలిచింది చదునైనా, తలపైన అటువంటి వాలుంటే ప్రమాదమే.

అడుగు వేయగానే మంచు ధుమ్మని లోపలికి కుంగినా, కాలిముందు బీటలు పారినా, పక్క కొండమీద కొత్తగా జారిన జాడ ఉన్నా ఇక గొయ్యి తవ్వనక్కరలేదు, వెనక్కి తిరగండి. పొరలు తవ్వి చూడటంకూడా తెలిసినవాడు చేయవలసిన పని. ఒక్క గొయ్యి కొండంతటికీ సాక్ష్యం కాదు. గాలి ఒకవైపు మంచును ఎత్తి శిఖరానికి అవతల మరుగున పోస్తుంది; ఆకాశం నిర్మలంగా ఉన్నా అక్కడ బరువు పెరుగుతూనే ఉంటుంది. చండీగఢ్‌లోని డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ పరిశోధన సంస్థ శీతాకాలంలో ప్రమాద సూచనలు ఇస్తుంది. ప్రమాదానికి అయిదు అంకెలు. మూడో అంకె అంటే నడిమి రకం గదా అని తేలిగ్గా తీసుకోకండి. ఐరోపాలో ఎక్కువ చావులు ఆ అంకెనాడే జరుగుతున్నాయి. అయిదోనాడు ఎవరూ పోరు కాబోలు!

హనుమంతప్పగారు ఆరు రోజులు నిలిచారని ధైర్యం తెచ్చుకోవద్దు. అది లెక్కకు అందని సంగతి. పూడిపోయినవారిని పది నిమిషాలలో తీస్తే పదిమందిలో తొమ్మండుగురు దక్కుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు దక్కడం గగనం. అంత త్వరగా బయటి సాయం రాదు, తీయవలసింది పక్కనున్నవాడే. కాబట్టి అనుమానపు చోటు ఒక్కొక్కరే దాటాలి, తక్కినవారు దూరాన నిలిచి చూడాలి. ప్రతివాని ఒంటిమీద సంకేతమిచ్చే యంత్రం, సంచిలో పొడుగు కడ్డీ, పార ఉండాలి.

మడిచే పార ఒకటి వెంట తెచ్చాను. సభ ముగిశాక ఆ ఎనిమిదిమందీ వచ్చి ఎత్తి చూడండి. బరువని మా తమ్ముడు అప్పుడే సణుగుతున్నాడు.