యూనిట్ కరెంటుకు ఎన్ని నీళ్లు?



బళ్లారి, సిరుగుప్పలలోనైనా, సరిహద్దు దాటి రాయదుర్గం, ఆలూరులలోనైనా, బోరుబావి ఉన్న రైతును అడిగితే మోటారు ఎన్ని హార్స్‌పవరో వెంటనే చెబుతాడు. యూనిట్ కరెంటుకు ఎన్ని నీళ్లు వస్తున్నాయో మాత్రం చెప్పలేడు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో, కర్ణాటకలో 10 హార్స్‌పవర్ వరకు 2008లో ఉచిత విద్యుత్తు మొదలైంది. బిల్లు లేనప్పుడు లెక్కెందుకని అనుకుంటాం. కాని ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి, వోల్టేజి పడి మోటారు కాలితే ఆ ఖర్చు ఎవరిది? మనదే.

లెక్క కష్టమేమీ కాదు. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండితే సెకనుకు 4 లీటర్లు. మోటారు నడిచేటప్పుడు నీటిమట్టం 30 మీటర్ల లోతున ఉంటే, ఆ నీటిని పైకెత్తడానికి గంటకు నిజంగా కావలసింది సుమారు 1.2 యూనిట్లు. మీటరులో 4 యూనిట్లు తిరిగాయనుకోండి. అంటే నూటికి 30 పాళ్లే పనికివచ్చాయి. మిగతాది వేడిగా, రాపిడిగా పోయింది. మీటరు లేనిచోట ఎలక్ట్రీషియన్ చేత టాంగ్ టెస్టర్‌తో చూపించి లెక్క కట్టవచ్చు.

లోతుకు తగిన పంపు, తగినంత వెడల్పు పైపు, తక్కువ వంపులు, సరైన కెపాసిటర్ ఉంటే నష్టం తగ్గుతుంది. కొత్త పంపు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రతో పాటు నక్షత్రాల గుర్తు కూడా చూడండి.

ఒక్క హెచ్చరిక. మంచి పంపు గంటలో ఎక్కువ నీరు తోడుతుంది. దాన్నీ పాత పంపులాగే అన్ని గంటలూ నడిపితే కరెంటు మిగలదు, బోరూ ఎండుతుంది. పైరుకు నీరు అందగానే ఆపాలి.

రేపు మోటారు వేసేటప్పుడు ఒక డ్రమ్ము, ఒక గడియారం దగ్గర పెట్టుకోండి. సెలవు.